కప్పు విప్పిన రోజు

ధర చెప్పే ముందు మేస్త్రి మంచినీళ్ళు అడిగాడు.

దాంతోనే చిన్నకోడలికి అర్థమైపోయింది, అది అంత తేలిగ్గా గొంతు దాటే ధర కాదని. గ్లాసు అందించి పక్కన నిలబడింది. మేస్త్రి తీరుబడిగా తాగాడు. హాల్లో ఉన్న అందరి కళ్ళూ అతని గొంతు మీదే ఉన్నాయి.

రాత్రి ఊడిపడ్డ సీలింగు చెక్క గోడకి ఆనించి ఉంది. బావగారి మంచం మీద, సరిగ్గా ఆయన దిండు పక్కన పడిన చెక్క అది. ఒక కొస నానిపోయి నల్లబడింది. తోడికోడలు పొద్దుట్నుంచి దాన్ని అక్కణ్ణుంచి తీయనివ్వడం లేదు. "ఉండనీ. వచ్చినవాళ్ళకి తెలియాలిగా, మేము ఎంతలో బతికి బయటపడ్డామో" అంటోంది. వచ్చింది మేస్త్రి ఒక్కడే. అతను దాన్ని చూసి "పాత చెక్కే" అని ఊరుకున్నాడు.

"ఇక చెప్పవయ్యా" అంది అత్తగారు కుర్చీలోంచి.

"ఇల్లు చిన్నదేనమ్మా. కప్పు వాలు కూడా మరీ ఎక్కువ కాదు, మనిషి నిలబడి పనిచేసుకోవచ్చు. ఆ రెండూ మీకు కలిసొచ్చినవి. సందు ఇరుకు. బండి గుమ్మందాకా రాదు. సామానంతా మోసుకురావాలి. అది కలిసిరానిది. అసలు సంగతి అదీ కాదు. మీ ఇంటికి ఒక కప్పు లేదు."

"కప్పు లేకుండా ఇన్నాళ్ళూ ఆరుబయట పడుకున్నామా?" అన్నాడు బావగారు.

"ఒకటి లేదన్నాను సార్. రెండున్నాయి. కింద పెంకులు, వాటిమీద రేకులు. ఎవరో పెంకులు తీయకుండానే రేకులు కొట్టించేశారు."

ఆ 'ఎవరో' హాల్లో కాసేపు తిరిగింది. దాన్ని తన మీద వేసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. కొట్టించింది బావగారే. బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేస్తాడు. ఇంట్లో కూడా ఏ పని ఎప్పుడు బయల్దేరాలో, ఏ మాట ఎక్కడ ఆగాలో ఆయనే చెబుతాడు.

"కారుతోందని వేయించాను. కారడం ఆగింది. ఇప్పుడు మళ్ళీ కారుతోంది, పైన ఇంకో వరస వేసెయ్. దీనికింత ఆలోచనెందుకు నీకు?"

"పైన వేసేయమంటే ధర ఇప్పుడే చెబుతాను." మేస్త్రి చెప్పాడు. అది బావగారి రెండు నెలల జీతం. "అంతా విప్పి వేయాలంటే వేరే సంగతి. రెండు కప్పులూ దించడానికి కూలీ, ఆ చెత్త బయట పోయించడానికి బండి, ఆ తర్వాత కదా కొత్తది. నాలుగింతలు అనుకోండి. అదీ కింద దూలాలు బాగుంటేనే. బాగాలేకపోతే అక్కణ్ణుంచి ధర నా చేతిలో ఉండదు."

"ఎవరి చేతిలో ఉంటుంది?" అంది చిన్నకోడలు.

"చెదపురుగుల చేతిలో."

అత్తగారు నవ్వబోయి, పెద్దకొడుకు మొహం చూసి ఆపుకుంది.

"సరే, పైన ఇంకో వరస వేస్తే దూలాలు ఆ బరువు మోస్తాయా?" అంది చిన్నకోడలు.

"మోయొచ్చమ్మా."

"మోయకపోవచ్చా?"

"మోయకపోవచ్చు. విప్పి చూడకుండా చెప్పలేను."

చిన్నకోడలు తల ఊపింది. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వచ్చేవాళ్ళకి రోజూ తను చెప్పే మాటే అది. "కోటు ఎంత వదులు చేయొచ్చో లోపలి అస్తరు విప్పితేగానీ నేనూ చెప్పను. మాసిక మీద మాసిక వేస్తే సూది దిగేది చివికిన గుడ్డలోకే. విప్పిద్దాం."

"ఇది కోటు కాదు అమ్మాయ్. ఇల్లు."

"కోటు చిరిగితే మనిషి చావడు బావగారూ."

చెక్క గోడకి ఆనుకుని ఉంది. అందరూ దానివైపు చూశారు. తోడికోడలు మాత్రం ఇన్నాళ్ళకి ఒక మంచిమాట విన్నట్టు మొహం పెట్టింది, అంతలోనే ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో గుర్తొచ్చి మొహం మార్చుకుంది.

"ఆ పెంకులు మీ మామయ్య బట్టీ దగ్గర నిలబడి ఏరుకొచ్చినవే" అంది అత్తగారు మెల్లగా. "ఒక్కొక్కదాన్నీ వేలితో కొట్టి, మోగినవే తీసుకున్నారు. వాటిని చెత్తబండిలో పోస్తారా?"

"పోయక్కర్లేదు అత్తయ్యా. పగలనివి దించి మళ్ళీ అవే పరిపిద్దాం. ఏం మేస్త్రీ, కుదరదా?"

"భేషుగ్గా కుదురుతుంది. ఆ రకం ఇప్పుడు దొరకవు కూడా. కొత్తవి కొనే ఖర్చులో సగానికి సగం..." బావగారు చూసిన చూపుకి అతని మాట సగంలో సగానికే ఆగింది. "సార్ ఎలా అంటే అలాగే" అని గ్లాసు కింద పెట్టాడు.

అప్పుడందుకుంది తోడికోడలు. తడిసిన దుప్పట్లు మడతపెడుతూనే ఉంది, ఎవరివైపూ చూడలేదు.

"విప్పితే విప్పండి. డబ్బెవరు పెడతారు? నీళ్ళు పడేది మా మంచం మీద. వచ్చేది వాళ్ళ గది పక్కనుంచి. ఆ గాజు ఉందిగా."

ఆ గాజు. మిషను గది కప్పులో తలుపంత గాజు పలక. చిన్నకోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఆ గది పట్టపగలు కూడా చీకటిగా ఉండేది. నల్లగుడ్డ మీద నల్లదారం వేయలేక కళ్ళు పోతున్నాయని ఆమె ఒకసారి అంది. భర్త అద్దాల కొట్లో గాజు కోస్తాడు. విని ఊరుకున్నాడు. ఆమె పుట్టింటికి వెళ్ళి వచ్చేసరికి గదినిండా వెలుతురు ఉంది. అతను ఆమెకి కొనిచ్చిన వస్తువులు ఒక చేత్తో లెక్కపెట్టొచ్చు. అందులో ఏదీ ఆమెకి గుర్తుండదు. ఈ వెలుతురు మాత్రం రోజూ పొద్దున్నే మిషను మీదికి దిగుతుంది.

"ఆ కన్నం పెట్టకముందు ఈ ఇంట్లో ఒక్క చుక్క పడి ఎరగం" అంది తోడికోడలు.

"మీరు కాపురానికి రాకముందూ పడలేదట అక్కా. దానికీ దీనికీ ముడిపెట్టమంటారా?"

"చూశారా అత్తయ్యా, నోరు కాదది, సూదుల పొట్లం. అప్పుడు మీ మంచం కోడు పోయినప్పుడూ ఇంతే. అడిగిన పాపానికి నన్నే కుట్టిపారేసింది."

"మళ్ళీ మంచమా?" అంది చిన్నకోడలు.

మళ్ళీ మంచమే. అత్తగారి పాత మంచం, ఎర్రలక్క పూసి పచ్చ వలయాలు చుట్టిన నాలుగు కోళ్ళతో, విప్పి అటక మీద పెట్టినది. ఏళ్ళ కిందట దించి చూస్తే మూడు కోళ్ళే ఉన్నాయి. నాలుగోది చిన్నకోడలు చెక్కించి మిషనుకి పీట చేయించుకుందని తోడికోడలు అనుమానం. అనుమానం అన్నది మొదటి ఏడాది. తర్వాత అది ఇంట్లో అందరికీ తెలిసిన నిజం అయిపోయింది. అత్తగారు ఆ మాట ఎప్పుడూ నోటితో అనలేదు. కాదనీ అనలేదు. ఆ రెండోదే చిన్నకోడలికి ఎక్కువ గుచ్చుకునేది.

ఇవాళ ఆ గుచ్చుకున్న చోటే మళ్ళీ తగిలింది.

"అయితే ఒక పని చేద్దాం" అంది. గొంతు పెంచలేదు. "కప్పు విప్పిద్దాం. కింద ఏముంటే అది అందరం చూద్దాం. ఎవరివల్ల పాడైందని తేలితే ఆ ఖర్చు వాళ్ళది. నా గాజువల్లేనని తేలిందనుకోండి, మిషను అమ్మి కడతాను. ఇంకొకళ్ళవల్లని తేలితే వాళ్ళేం అమ్ముతారో వాళ్ళిష్టం."

"పంతాలొద్దు" అన్నాడు బావగారు వెంటనే. "ఎవరూ ఏమీ అమ్మక్కర్లేదు. రేకులు వేయిస్తాను. మొత్తం నేనే పెట్టుకుంటాను. ఒక్క పైసా ఎవరినీ అడగను."

దుప్పటి మడత తోడికోడలి చేతిలో ఆగిపోయింది.

బావగారు మిరపకాయలు కూడా రెండోసారి తూకం వేయించే మనిషి. ఖాళీ గదిలో దీపం వెలుగుతుంటే భోజనం మధ్యలో లేచి వెళ్ళి ఆర్పి వస్తాడు. ఆయన నోట 'మొత్తం నేనే' అన్న మాట ఈ ఇంట్లో గోడలు కూడా విని ఉండవు.

"ఎందుకు బావగారూ?" అంది చిన్నకోడలు. "కప్పు కింద ఏముంది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేనిదానికి రెండు నెలల జీతం పోస్తారా?"

ఆయన గుమ్మంలో నిలబడ్డ తమ్ముడివైపు ఒక్కసారి చూశాడు. ఆమె భర్త తల వంచుకుని, వేలిగోటిలో ఇరుక్కున్న, గాజుకి పెట్టే లప్పం గిల్లుకుంటున్నాడు. చూసింది చిన్నకోడలు. నోరెత్తావో జాగ్రత్త అన్న చూపు అది. పదిహేనేళ్ళుగా చూస్తోంది ఆ చూపుని.

ఉంది, ఏదో ఉంది అనుకుంది. బావగారి గదివైపే ఉంది.

"చిన్నది చెప్పింది సబబుగానే ఉంది" అంది అత్తగారు. "ఎవరివల్ల పాడైతే వాళ్ళే పెట్టుకోవాలి. నా మాటగా అనుకోండి."

"అలాగే అనుకుంటాం. కానీ మబ్బు చూశావా అమ్మా? ఇప్పుడు ఇల్లంతా విప్పుకుని కూర్చుంటే రాత్రికి నిన్నెక్కడ పడుకోబెట్టను?" బావగారు మేస్త్రి వైపు తిరిగాడు. "నువ్వెళ్ళి రేకులు పట్రా. మధ్యాహ్నానికల్లా పని మొదలవ్వాలి."

అత్తగారు కిటికీలోంచి మబ్బు చూసింది. మేస్త్రి ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ లేచాడు. సంచీ, నిచ్చెన ఇక్కడే ఉంచి వెళ్తానన్నాడు.

"ఉంచు" అంది చిన్నకోడలు.

*

మిషను గదిలో వెలుతురు బూడిదరంగుగా ఉంది. పైన గాజు మీద మబ్బు కదులుతోంది. ఆమె పెద్ద కత్తెర తీసి బల్ల మీద పెట్టింది, మళ్ళీ తీసి సొరుగులో పెట్టింది. భర్త లోపలికి వచ్చి తలుపు దగ్గరే ఆగాడు.

"రేకులే వేయించనీ" అన్నాడు.

"మీరు కూడానా?"

"అన్నయ్యే పెట్టుకుంటానంటున్నాడుగా."

"అందుకే వద్దంటున్నాను. మీ అన్నయ్య ఊరికే చిల్లర కూడా వదిలే మనిషి కాదు. ఇవాళ ఇంత ఎందుకు వదులుతున్నాడో మీకు అడగాలనిపించలేదా?"

అతను తలుపు గడియ అటూ ఇటూ జరిపాడు.

"అనిపించదు. మీకు ఆయన ముందు ఏదీ అనిపించదు. నేను మీ అమ్మగారి మంచం కోడు కాజేశానని మీ వదిన నా మొహం మీద అంటుంటే గోళ్ళు గిల్లుకుంటున్నారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఇది తీసుండదు వదినా అని అన్నారా?"

"నువ్వు తీయలేదని నాకు తెలుసు."

"నాకూ తెలుసు. వాళ్ళకి చెప్పండి."

అతను తలెత్తి గాజు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. అతను గాజుని అలాగే చూస్తాడు, కొట్లో పలక ఎక్కడ తెగుతుందో వెతుకుతున్నట్టు.

"విప్పితే ఇది తీసేయాల్సి వస్తుందేమో. మళ్ళీ చీకటైపోతుంది నీకు."

"చీకట్లోనే కుట్టుకుంటాను. దొంగననిపించుకుని వెలుతుర్లో కుట్టేకంటే నయం."

బయట తోడికోడలు ఎవరికో రాత్రి చెక్క పడ్డ వైనం చెబుతోంది. ఇప్పుడు అది దిండు పక్కన కాదు, దిండు మీదే పడింది.

"నువ్వే ఎక్కుతావా?" అన్నాడు.

అతను అడిగిన తీరుకి ఆమె ఆశ్చర్యపోయింది. వద్దంటాడనుకుంది.

"ఎక్కుతాను. మేస్త్రి వచ్చేలోగా ఒక్క రేకు లేపి చూస్తే చాలు."

"గాజు పక్క రేకు లేపు. అడ్డగోడ మీదది." అతను తలుపు తీశాడు. "నిచ్చెన నేను పట్టుకుంటాను."

*

కొంగు నడుముకి బిగించి ఎక్కింది. మేస్త్రి సంచీలోంచి సుత్తీ పట్టకారూ తీసుకుంది. రేకులు అప్పటికింకా వేడెక్కలేదు, కాలికింద గరగరమంటున్నాయి. సందులో ఇస్త్రీబండి అతను పెట్టె పక్కన పెట్టి పైకి చూస్తూ నిలబడ్డాడు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"అయ్యయ్యో, ఎక్కేసింది చూడండి" అని తోడికోడలు గొంతు. "పడితే ఆ ఖర్చు కూడా మన మీదికే."

"మీ గదిలో పడనులే అక్కా, మంచం తడిగా ఉంది."

ఇస్త్రీబండి అతను నవ్వాడు. అత్తగారు కర్ర పట్టుకుని పెరట్లోకి వచ్చింది. ఆమె వెనకే బావగారు. ఒక కాలికి చెప్పు లేదు.

"దిగు అమ్మాయ్."

మొదటి మేకు ఊడింది.

"నీకే చెబుతున్నాను. దిగు."

రెండోది తుప్పుపట్టి తల విరిగింది. మూడోది కీచుమంటూ వచ్చింది. ఆమె కిందికి చూడలేదు. చూస్తే దిగమన్న మాట వినపడినట్టవుతుంది.

రేకు అంచు పట్టుకుని లేపి వెనక్కి మడిచింది. లోపల ఎన్నేళ్ళ దుమ్మో, ఒక్కసారి మొహానికి కొట్టింది. దాని కింద పెంకులు. నాచుపట్టలేదు, పగల్లేదు. అలా పక్కపక్కన సర్దుకుని, ఎవరైనా వస్తారా అన్నట్టు ఉన్నాయి. ఆమె వేలి కణుపుతో ఒకదాన్ని కొట్టింది.

"మోగుతున్నాయి అత్తయ్యా" అంది గట్టిగా.

కిందనుంచి అత్తగారు "ఆ" అంది. మాట కూడా కాదది. ఊపిరి.

ఒక్కొక్క పెంకూ తీసి పక్కన పేర్చింది. వాసాలు గట్టిగానే ఉన్నాయి. గోటితో గుచ్చి చూసింది, దిగలేదు. చెద లేదు. బావగారి గదివైపు దూలం రాయిలా ఉంది. తడి ఉంది, గాజు చట్రం అంచునుంచి దిగిన తడి, అంతే. ఆమెకి లోలోపల నిరాశగా అనిపించింది. ఇంతేనా అనుకుంది. దీనికేనా ఆయన అంత బెదిరింది?

గాజు పక్క ఆఖరి పెంకు తీసింది.

అక్కడ దూలం అయిపోయింది.

పుచ్చి రాలిపోలేదు. కోసి ఉంది. గాజు పట్టడం కోసం ఇటు చివరా అటు చివరా దూలాన్ని అడ్డంగా కోసేశారు. కోత వంకరగా ఉంది. కోతకి ముందు చెక్క మీద సన్నటి గీత ఒకటి, బద్ద పెట్టి గీసినంత తిన్నగా, చుట్టూ తిరిగి వచ్చింది. వడ్రంగి అయితే అలా గీయడు. ముందు గీత గీసి, ఆ గీత దగ్గర విరిస్తే వస్తుందనుకునేది గాజు కోసే చెయ్యి. చెక్క అలా రాలేదు. అప్పుడు రంపం తెచ్చినట్టున్నాడు.

తెగిన కొస గాల్లో లేదు. దాని కింద అడ్డగోడ మీద ఒక పొట్టి కర్ర నిలబెట్టి ఉంది. దుమ్ము కింద ఎరుపు. ఆమె బొటనవేలితో తుడిచింది. ఎర్రలక్క. దాని నడుము చుట్టూ మూడు పచ్చ వలయాలు.

ఆ కర్ర తలకీ దూలానికీ మధ్య సందు పడితే, ఎవరో తర్వాత ఒక ఇనపరేకు మడిచి బిగించారు. మడతలోంచి రెండంకెలు కనబడుతున్నాయి. డిపోలో బస్సు ముందు తగిలించే రూటు నంబరు పలక అది.

పెంకుల మీద రేకులు ఎందుకు కొట్టించాడో, మొత్తం నేనే అని ఎందుకన్నాడో, ఆ చూపు ఎవరికోసమో, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాయి. తమ్ముడి నోరు నొక్కే చూపు అనుకుంది పదిహేనేళ్ళు. నొక్కుతున్నది నిజమే. తమ్ముణ్ణి కాపు కాస్తున్నదీ నిజమే.

తన గదినిండా ఉన్న వెలుతురు ఈ కోడు మీద నిలబడి ఉంది. ఇంకో వరస రేకుల బరువు పడితే ఎన్నాళ్ళు నిలబడుతుందో మేస్త్రి కూడా చెప్పలేడు.

కిందికి చూసింది. బావగారు తలెత్తి ఆమెనే చూస్తున్నాడు. ఆయన మొహంలో టైమ్‌కీపరు లేడు.

"మూసెయ్ తల్లీ" అన్నాడు. ఎప్పుడూ అనని మాట. "నేను పెట్టుకుంటానన్నానుగా. మూసెయ్."

మూసేయొచ్చు. రేకు వెనక్కి వాల్చి నాలుగు మేకులు కొడితే చాలు. మిషను ఉంటుంది. గాజు ఉంటుంది. పైసా పెట్టక్కర్లేదు. ఇవాళ రాత్రి మళ్ళీ అందరూ ఈ కోడు కిందే పడుకుంటారు, ఆమె మళ్ళీ దొంగగానే లేస్తుంది.

నిచ్చెన అడుగున భర్త దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. తల ఎత్తలేదు. గాజు పక్క రేకే లేపమని చెప్పింది అతనే.

"ఏమే, మాట్లాడవేం?" అత్తగారు కర్రతో నేలమీద కొట్టింది. "ఏం కనపడింది? పుచ్చిపోయిందా?"

చినుకు ఒకటి గాజు మీద పడింది. ఇంకోటి ఆమె చేతి మీద.

ఆమె మోకాళ్ళ మీద లేచింది. ఒక చెయ్యి దూలం మీద వేసి, సందులో ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా చెప్పింది.

"పుచ్చలేదు అత్తయ్యా. మీ మంచం కోడు దొరికింది."

కింద నిచ్చెన కదిలింది. దాన్ని పట్టుకున్న చేతులు వదిలేశాయి.